ఆరు నెలల గొర్రెపిల్ల, నూనెచెక్క, ధర్మం

నూనె గింజను గానుగలోనో మిల్లులోనో ఆడించాక మిగిలే ముద్దను తెలుగువాళ్లు చెక్క అంటారు, కొన్నిచోట్ల పిండి అంటారు. పల్లిచెక్క, పత్తిచెక్క, కుసుమచెక్క, కొబ్బరిచెక్క, తెలకపిండి అన్నీ ఈ కోవలోవే. గింజలోని నూనె చాలావరకు పోతుంది, మాంసకృత్తులు మాత్రం మిగులుతాయి. ఎండుగడ్డిలో అవి 3, 4 శాతానికి మించవు. వేరుశనగ చెక్కలో 40 నుంచి 45 శాతం, సోయా పిండిలో 44 నుంచి 48 శాతం దాకా ఉంటాయి. నువ్వుల చెక్కలో 35 దాటుతాయి. పొట్టు తీయని పత్తిచెక్కలో 20 శాతానికి కాస్త అటూ ఇటూగా ఉంటాయి. ఒత్తిడితో నూనె తీసిన చెక్కలో ఇంకా 6 నుంచి 8 శాతం నూనె నిలిచి ఉంటుంది. ద్రావకంతో నూనె పిండిన పిండిలో అది ఒక శాతం దగ్గరికి పడిపోతుంది.

ఈ సరుకుతో ఎక్కువ అవసరం పడేది గొర్రెపిల్లకే. పెద్ద గొర్రె పొట్టలో మొదటి అరలో ఉండే సూక్ష్మజీవులు గడ్డి నుంచే మాంసకృత్తులను తయారు చేసిపెడతాయి. పుట్టిన పిల్లలో ఆ అర ఉన్నా పనిచేయదు. అది పక్వానికి రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఈలోగా తల్లిపాలు తగ్గితే ఆ లోటును మేత ఒక్కటే పూడ్చలేదు. అందుకే రెండో వారం దాటాక కొట్టంలో ఒక మూల కంచె కట్టి, తల్లి దూరలేని, పిల్ల మాత్రమే దూరగల సందు వదిలి, లోపల 18 నుంచి 22 శాతం మాంసకృత్తులున్న దాణా పెడతారు. గానుగ చెక్క పలకలుగా, రాయిలా గట్టిగా వస్తుంది. దాన్ని పగలగొట్టి, మెత్తగా దంచి, నూక, తవుడు, కాస్త ఉప్పు, ఖనిజ లవణాలు కలిపి తొట్టిలో పోస్తారు. తడిపితే పూటలోనే ఎత్తేయాలి, లేకపోతే పులుస్తుంది.

ఎంత పెట్టాలన్నది పశుపోషణ శాస్త్రం చెబుతుంది. పెట్టడం న్యాయమా, ఏది పెట్టడం న్యాయం, పెట్టాక ఆ ప్రాణి మీద మనిషికి వచ్చే హక్కేమిటి అన్నవి వేరే ప్రశ్నలు. జంతువును చంపవచ్చా లేదా అని మతాలు, దర్శనాలు వేల ఏళ్లుగా వాదించుకున్నాయి. చంపబోయే జంతువుకు పెట్టే తిండి గురించి అంతగా వాదించుకోలేదు గానీ, అక్కడక్కడ చెప్పిన నాలుగు మాటలు చాలా సూటిగా ఉన్నాయి.

వాటిలో పాతవి అశోకుడివి.  కర్నూలు సీమలోని ఎర్రగుడి బండల మీద కూడా ఉన్న మొదటి శిలాశాసనం జంతుబలిని వద్దంటుంది. గొర్రెపిల్ల సంగతి వచ్చేది అయిదో స్తంభశాసనంలో. పట్టాభిషేకమై 26 ఏళ్లు నిండాక వేయించిన ఆ శాసనం చూలుతో ఉన్న, పాలిస్తున్న మేకను, గొర్రెను, పందిని చంపరాదంటుంది. ఆరు నెలలు నిండని వాటి పిల్లలనూ చంపరాదంటుంది. ఆ తరవాత కొద్ది మాటల్లోనే, ఒక ప్రాణిని మరో ప్రాణితో పోషించరాదని కూడా ఆజ్ఞ ఉంది. చంపే వయసునూ పెట్టే తిండినీ ఒకే చోట ముడిపెట్టిన రాజాజ్ఞ మన దేశంలో ఇంతకు మించినది కనబడదు.

ఈ ఆరు నెలల గడువు దగ్గరే చెక్క అసలు చిక్కు తెస్తుంది. బీడులో మేసి పెరిగే దక్కనీ పొట్టేలు పాతిక కిలోలకు రావడానికి ఏడాది దగ్గరపడుతుంది. మంచి దాణా తిన్నది అదే బరువుకు ఆరేడు నెలల్లోనే వస్తుంది. అంటే ఎంత బాగా మేపితే అంత తొందరగా కబేళాకు చేరుతుంది. పిల్ల పట్ల దయతో పెట్టిన దాణాకూ దాని ఆయుష్షు తగ్గించడానికి పెట్టిన దాణాకూ తొట్టిలో తేడా ఉండదు. జియాగూడ మండీలో కొనే వర్తకుడు వయసు చూసేది మాంసం ఎంత లేతదో తెలుసుకోవడానికే గానీ ఆయుష్షు లెక్కకు కాదు.

ఇస్లాం ధర్మశాస్త్రంలో ఇదే ఆరు నెలల గడువు మరో రూపంలో కనిపిస్తుంది. ఖుర్బానీకి గొర్రెకు ఏడాది నిండాలన్నది నియమం. అయితే ఆరు నెలలు దాటిన గొర్రెపిల్ల ఏడాది దానంత దిట్టంగా కనబడితే చెల్లుతుందని హనఫీ పండితులు ఒప్పుకున్నారు. దక్షిణాసియా ముస్లింలలో ఎక్కువమంది అనుసరించే సంప్రదాయం ఇదే. దీని ప్రకారం ఆరు నెలల పిల్ల ఖుర్బానీకి పనికొస్తుందా లేదా అన్నది దానికి పెట్టిన మేతే తేలుస్తుంది. బక్కచిక్కి ఎముకలు తేలినది, కుంటిది, గుడ్డిది, రోగంతో ఉన్నది పనికిరావని హదీసులున్నాయి. మదీనాలో తొలినాటి ముస్లింలు ఖుర్బానీ జంతువులను మేపి బలిపించేవారని కూడా హదీసు గ్రంథాలు చెబుతాయి. ఇక్కడ బలిసేలా మేపడం మర్యాద: దేవుడి పేరు మీద ఇచ్చేది మిగిలిపోయింది, పనికిరానిది కాకూడదన్న భావన. అశోకుడి నియమం పిల్ల వైపు నుంచి మాట్లాడుతుంది, ఈ నియమం ఇచ్చేవాడి చిత్తశుద్ధి వైపు నుంచి. రెండూ ఆరు నెలల దగ్గరే ఆగడం కాకతాళీయమే కావచ్చు. పాలు మాని మేతకు పూర్తిగా అలవాటుపడిన వయసు కాబట్టి అక్కడ గీత గీశారనుకోవడంలోనూ తప్పులేదు.

మేత శుభ్రత మీద ఇస్లాం మరింత కచ్చితంగా ఉంది. మలినం తిని బతికే జంతువును జల్లాలా అంటారు. దాని మాంసం, పాలు వద్దని హదీసు. కొన్నాళ్లు కట్టేసి శుభ్రమైన మేత పెట్టాకే తినదగినదవుతుంది. జంతువు తిన్నది దాని ఒంట్లో నిలుస్తుందన్న ఈ ఎరుక ఇరవయ్యో శతాబ్దపు దాణా పరిశ్రమకు కొరవడింది. మాంసకృత్తులు చవగ్గా వస్తాయని కబేళా వ్యర్థాలను, ఎముకల పొడిని గడ్డి తినే పశువులకే కలిపి పెట్టారు. 1986లో బ్రిటన్‌లో పిచ్చి ఆవు జబ్బు బయటపడింది. 1988లో అక్కడి ప్రభుత్వం అలాంటి దాణాను నిషేధించింది. భారత ఆహార భద్రతా నియమాలు కూడా పాలకూ మాంసానికీ పెంచే పశువులకు మాంసం, ఎముకల పొడి కలిసిన దాణా పెట్టరాదంటాయి. ప్రాణిని ప్రాణితో పోషించవద్దన్న పాత ఆజ్ఞ ఇలా దొడ్డిదారిన చట్టంలోకి వచ్చింది. దయ వల్ల వచ్చిందనుకోనక్కర్లేదు, భయం వల్ల వచ్చింది. ఆ ఖాళీని పూడ్చేది చెక్కే.

చెక్కలో రక్తం లేదు కాబట్టి అది నిర్దోషమైనదని అనుకోవడం తేలిక. ధర్మశాస్త్రాలు అలా అనుకోలేదు. ఎవరి నుంచి దానం పట్టకూడదో చెప్పే సందర్భంలో మనుస్మృతి నాలుగో అధ్యాయం పది కసాయి కొట్లను ఒక గానుగతో సమానం చేసింది. గింజతో పాటు నలిగే పురుగుల మాట ఎలా ఉన్నా, ఆ లెక్కలో తెలికల, గాండ్ల వృత్తి మీద చిన్నచూపే ఎక్కువ. ఆ నూనెతో దీపం పెట్టుకోవడానికి అభ్యంతరం లేనివాళ్లు దాన్ని తీసినవాడి దానానికి అభ్యంతరం చెప్పారు. అదే స్మృతి మూడో అధ్యాయంలో పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ అనే అయిదింటినీ ఇంటింటి వధ్యస్థానాలుగా లెక్కగట్టడం మాత్రం నిజాయితీ గల మాట. వంట చేసుకునే ఇల్లేదీ హింసకు బయట లేదని దాని భావం.

జైనులు ఈ ఆలోచనను ఇంకా లోతుకు తీసుకెళ్లారు. గృహస్థ జైనుడు చేయకూడని పదిహేను వ్యాపారాల జాబితాలో యంత్రపీడనం ఒకటి, అంటే నువ్వులు, చెరకు వంటివాటిని యంత్రంలో పిండడం. చెక్క పుట్టేదే అక్కడ. మరోవైపు తత్త్వార్థ సూత్రం అహింసా వ్రతానికి అయిదు అతిచారాలు, అంటే ఉల్లంఘనలు, చెబుతుంది: కట్టేయడం, కొట్టడం, అవయవాలు కోయడం, మోయలేని బరువు వేయడం, తిండీ నీళ్లూ ఆపడం. కడపటిదే ఇక్కడ ముఖ్యం. చంపకుండా ఆకలితో ఉంచినా వ్రతం చెడినట్టే. చెక్కను తయారు చేయడం దోషం, ఆకలిగొన్న పిల్లకు దాణా పెట్టకపోవడమూ దోషమే. ఈ రెంటి మధ్య గృహస్థు ఎలా నడవాలో శాస్త్రం సులువు దారి చూపలేదు. చూపకపోవడమే మంచిదయింది. ఎద్దు కళ్లకు గంతలు కట్టి గానుగ చుట్టూ తిప్పినప్పుడు కూడా ఇలాంటి ప్రశ్నే వస్తుంది. కళ్లం తొక్కే ఎద్దు మూతికి చిక్కం వేయవద్దని యూదుల ధర్మశాస్త్రం చెప్పింది. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి లేఖలో ఆ మాటను మనుషుల కూలికి అన్వయించాడు.

హైదరాబాద్‌లో ఈ చర్చ పుస్తకాలు దాటి వీధిలోకి వచ్చింది కోఠి చుట్టుపక్కలే. రెసిడెన్సీ బజార్ల పేరుతో బ్రిటిష్ అధికారం కింద ఉన్న ఆ ప్రాంతంలో గుజరాతీ వర్తకులు, మహారాష్ట్రులు, సంస్కర్తలు కలిసి ఉండేవారు. సుల్తాన్ బజార్ ఆర్యసమాజం 1892లో మొదలైంది. ఆర్యసమాజ స్థాపకుడు దయానంద సరస్వతి గోకరుణానిధి అన్న చిన్న పుస్తకంలో ఆవును చంపి తింటే ఎందరి కడుపు నిండుతుంది, బతకనిచ్చి పాలు తాగితే ఎందరిది నిండుతుంది అని అంకెలు వేసి చూపాడు. దయను లెక్కల భాషలో చెప్పే పద్ధతి అది. జైన వర్తకుల తోడ్పాటుతో నడిచిన జీవరక్షా జ్ఞాన ప్రచారక మండలి జాతరల్లో బలులు మాన్పించడానికి పనిచేసింది. 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన దళిత సంస్కర్త భాగ్యరెడ్డి వర్మ ఆ ప్రచారంలో భుజం కలిపాడు. కోఠికి ఆనుకుని ఉన్న చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవన్ నేటికీ ఆయన పేరుతోనే గుర్తుకొస్తుంది. బలి, మద్యం, జోగిని ఆచారం మూడూ ఒకే గొలుసులో లంకెలని ఆయన అభిప్రాయం. పేద ఇంటి పొట్టేలు గుడి ముందు తెగితే పోయేది ఆ ఇంటి ఆస్తి.

ఈ ఉద్యమాలన్నిటి కన్నూ కత్తి మీదే ఉంది, తొట్టి మీద లేదు. 1950 నాటి జంతు, పక్షి బలుల నిషేధ చట్టం గుడి ఆవరణలో వధను ఆపమంటుంది. మేత ఊసెత్తేది 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం. యజమాని తగినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడాన్ని అది క్రూరత్వం కింద లెక్కిస్తుంది. జైనుల అయిదో అతిచారం భారత చట్టంలో చోటు చేసుకున్నది అక్కడే.   

తగినంత తిండి అంటే ఏదో ఒక చెక్క పడేయడం కాదు. పత్తిగింజలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది. పెద్ద గొర్రె పొట్టలోని మొదటి అర దాన్ని చాలావరకు కట్టిపడేస్తుంది. ఆ అర పక్వానికి రాని పిల్లలో అది గుండెనూ కాలేయాన్నీ దెబ్బతీస్తుంది. తడి తగిలి బూజుపట్టిన పల్లిచెక్కలో అఫ్లాటాక్సిన్ చేరుతుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాక, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండిని వెతికితే ఈ విషం బయటపడింది. పాత మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో విస్తారంగా పండిన ఆముదం సంగతి ఇంకా తీవ్రం. దాని చెక్కలో రైసిన్ ఉంటుంది కాబట్టి అది పొలానికి ఎరువుగానే పోతుంది. సున్నంతో, వేడితో ఆ విషాన్ని విరిచి దాణాగా మార్చే ప్రయత్నాలు జరిగాయి గానీ, రైతు కొట్టంలో దాన్ని నమ్మి పిల్లకు పెట్టే పరిస్థితి లేదు. చవక అని బూజుచెక్క కొని పెట్టడం జైనుల లెక్కలో కొట్టడంతో సమానమే అవుతుంది, కాకపోతే దెబ్బ బయటికి కనబడదు.

ఇక అన్నిటికన్నా బరువైన ప్రశ్న: ఆ చెక్క ఎవరి తిండి? ప్రపంచ పశువుల మేతలో 86 శాతం మనుషులు తినలేనిదేనని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నిపుణులు 2017లో లెక్క తేల్చారు. పశుపోషణను సమర్థించేవాళ్లు ఈ అంకెను తరచూ ఎత్తిచూపుతారు. గడ్డి, చొప్ప విషయంలో దానికి తిరుగులేదు. చెక్క విషయంలో అంత ధీమాగా చెప్పడానికి లేదు. కోస్తా జిల్లాల్లో తెలకపిండి కూర బాలింతకు పథ్యం, మునగాకుతో కలిపి వండితే ఇంటిల్లిపాదికీ కూర. వేరుశనగ పిండి, శనగపిండి కలిపి మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ పేదల కోసం బలవర్ధక ఆహారం తయారు చేసింది. 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ చిక్కిపోయిన పిల్లల కోసం గోధుమ, శనగ, వేరుశనగ, బెల్లం కలిపి ఇచ్చిన మిశ్రమం హైదరాబాద్ మిక్స్ అన్న పేరుతో ప్రసిద్ధి. ఆ సంస్థకు నాయకత్వం వహించిన సి. గోపాలన్ పిల్లల కొరత ముందుగా మాంసకృత్తులది కాదనీ, మొత్తం తిండిదనీ వాదించాడు. ఆ వాదం ఒప్పుకుంటే పల్లిచెక్క మీద బిడ్డకూ గొర్రెపిల్లకూ మధ్య పోటీ కొంత సడలుతుంది. పూర్తిగా పోదు.

సోయా దగ్గర మిగులు అన్న మాటే చెల్లదు. వంద కిలోల వేరుశనగ పప్పు ఆడిస్తే 40 కిలోలకు పైగా నూనె వస్తుంది. వంద కిలోల సోయా ఆడిస్తే నూనె 20 కిలోలు దాటదు, 80 కిలోల దాకా పిండే. ప్రపంచంలో పండే సోయాలో నాలుగింట మూడొంతులకు పైగా పశువులు, కోళ్లు, చేపల దాణాకే పోతుంది. బ్రెజిల్‌లో అడవులూ గడ్డిభూములూ సోయా పొలాలవడానికి కారణం నూనె ఆకలి ఒక్కటే కాదు. ఆదిలాబాద్, నిజామాబాద్ నల్లరేగళ్లలో వేసే సోయాకు కూడా పిండి ధరే ఆసరా. పిండి కోసం పండించే పంటలో పిండిని శేషమని పిలవడం చెల్లని మాట. శేషం తినడంలో దోషం లేదన్న సమర్థన వేరుశనగ దాకా కాస్తో కూస్తో నిలుస్తుంది, సోయాకు అసలే వర్తించదు.

పత్తిది ఇందుకు సరిగ్గా తిరగేసిన కథ. తెలంగాణ రైతు పత్తి వేసేది దూది కోసం. గింజ దూదికి మిగులు, చెక్క ఆ గింజకు మిగులు. ఆముదం నూనెది కూడా పరిశ్రమల బేరమే, దాని చెక్కను మనిషి ముట్టడు. ఈ రెండు చెక్కలూ ఎవరి నోటి దగ్గరి ముద్దనూ లాక్కోవు, కానీ పసిపిల్లకు పనికిరాని చెక్కలు కూడా ఇవే. పిల్లకు బాగా వంటబట్టే సోయా, పల్లీ చెక్కలేమో మనిషి తినగలిగినవి. నైతికంగా తేలికైనది పిల్లకు విషం, పిల్లకు మేలైనది నైతికంగా బరువు. దాణా సూత్రాలు రాసేవాళ్లు ధరనూ మాంసకృత్తుల శాతాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఈ మూడో గడి వాళ్ల పట్టికలో ఉండదు.

గొల్ల కురుమల మంద వ్యవస్థలో ఈ లెక్క ఒకప్పుడు వేరుగా నడిచేది. కోత అయిన చేలో జీవాలు మేస్తాయి, రాత్రి అక్కడే మంద పెడితే పొలానికి పెంట దక్కుతుంది, కాపరికి రైతు ఇన్ని గింజలు కొలుస్తాడు. మేత కొనడమన్న మాట అందులో లేదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున రాయితీ మీద పంచింది. 2019 పశుగణనలో 1.9 కోట్ల గొర్రెలతో రాష్ట్రం దేశంలో మొదటి స్థానానికి వచ్చింది. బీళ్లు మాత్రం పెరగలేదు. పొలాలకు కంచెలు పడ్డాయి, హైదరాబాద్ చుట్టూ ప్లాట్లు లేచాయి. చెక్క బస్తా కాపరి ఇంటికి చేరడానికి కారణం ఇదే. అతని మీద అహింస, ఆయుష్షు ప్రశ్నలు మోపేముందు ఆ బీళ్లు ఎవరి చేతుల్లోకి పోయాయో అడగాలి.

మధ్య దారి లేకపోలేదు. పొట్టుతో ఆడిన పొద్దుతిరుగుడు చెక్కను, కుసుమచెక్కను మనిషి తినడు, వాటిలో పిల్లను చంపే విషమూ లేదు. పీచు ఎక్కువ కాబట్టి అవి పల్లిచెక్క అంత పుష్టి ఇవ్వవు, పెరుగుదల కాస్త నెమ్మదిస్తుంది. ఇక్కడ అది లోపం కాదు: ఆరు నెలల గడువు దాటేదాకా పిల్లను బతకనిచ్చే దాణా అదే.   మొదటి రెండు నెలలు తల్లిపాలకు తోడు పిడికెడు పల్లిచెక్క, ఆ తరవాత పొద్దుతిరుగుడు లేదా కుసుమచెక్క, ఇంకా ఎదిగాక మితంగా పత్తిచెక్క వాడితే పైన చెప్పిన అభ్యంతరాలలో ఎక్కువ వాటికి సమాధానం దొరుకుతుంది. చంపడం మీద ఉన్న అభ్యంతరానికి మాత్రం ఏ చెక్కా సమాధానం ఇవ్వదు.